మర్నాటి ఫోను

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇరవై రెండేళ్లు ఉద్యోగం చేసి, అందులో ఇరవయ్యేళ్లు ఆఫీసు లిఫ్టు ఒక్కసారి కూడా ఎక్కని మనిషి మా ఫోనక్క. మూడో అంతస్తుకి రోజూ మెట్ల మీదే వచ్చేది. మధ్యలో రెండుచోట్ల ఆగి, రెయిలింగు పట్టుకుని, వెనక వస్తున్నవాళ్ళకి దారి వదిలి, "పదండి పదండి, నా ఇంజను పాతది" అనేది. లిఫ్టు ఎక్కొచ్చు కదక్కా అని ఎవరైనా అంటే, "దాని సంగతి నాకు తెలిసినంత నీకూ తెలిస్తే నువ్వూ ఎక్కవు" అని నవ్వేది. ఆమెకో పేరుంది గానీ హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడరు. గదులు తుడిచే ఆమె దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఫోనక్కే.

ఊళ్లో మా కంపెనీ లిఫ్టు ఎక్కడ ఆగినా మొదటి ఫోను ఆమెకే వస్తుంది. "లోపల మనిషున్నారా?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న. ఉన్నారంటే మెకానిక్కుని పంపి ఊరుకోదు. వాచ్‌మన్ చేత ఫోను తలుపు సందు దగ్గర పెట్టించి, లోపల ఇరుక్కున్న మనిషితో మాట్లాడుతూ కూర్చుంటుంది. ఏ ఊరు, పిల్లలెంతమంది, ఇవాళ ఏం కూర, అన్నీ అడుగుతుంది. ఓసారి ఒక పెద్దాయన బయటికొచ్చాక, "ఇంకో పది నిమిషాలు ఆగి తలుపు తీసుంటే మా కోడలి సంగతి కూడా చెప్పేవాణ్ణి" అని విసుక్కున్నాడట. కంపెనీ వాళ్ళు తలకి తగిలించుకునే హెడ్‌ఫోను ఇస్తే మెడలో వేసుకుని తిరిగేది గానీ మాట్లాడేది మాత్రం పాత బరువైన రిసీవరులోనే. భర్త పోయి పదిహేనేళ్లయింది. చెల్లెలితో కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటుంది. ఆ చెల్లెలు పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కుతుంది కాబట్టి ఫోనక్కకి మెల్లగా మాట్లాడటం రాదు. ఆమె ఫోనులో ఉందంటే అంతస్తంతా ఆ లిఫ్టులో ఉన్నట్టే.

ఇక నా సంగతి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అది చెప్పకుండా ఫోనక్క గురించి చెప్పడం కుదరదు.

నా పని బొమ్మలు గీయడం. కంపెనీలో ఎవరు ఏ పని తర్వాత ఏ పని చేస్తారో కనుక్కుని, ఒక్కో పనికి ఒక్కో డబ్బా గీసి, వాటి మధ్య బాణాలు వేస్తాను. మొదట్లో ఒక గుండ్రం, చివర్లో ఇంకో గుండ్రం. ఆ బొమ్మని కంప్యూటరు చదివి, ఎవరి స్క్రీను మీద ఎప్పుడు ఏ పని కనిపించాలో అదే పంపుతుంది. బొమ్మలో ఉంటే ఆ పని ఉన్నట్టు. బొమ్మలో లేకపోతే ఎవరి తాతలు చేసిన పనైనా లేనట్టే. ఆఫీసులో నన్ను డబ్బాలమ్మాయి అంటారు. ముక్కు మీద కోపం ఉందని కూడా అంటారు, అదీ నిజమే.

ఫిర్యాదుల విభాగానికి బొమ్మ గీయమని మా మేనేజరు చెప్పినప్పుడు ఫోనక్క పక్కన స్టూలు వేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. మొదటిరోజే నా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూసింది.

"ఏమే, ఈ ఇంటికి ఎన్ని కిటికీలు?"

"నాలుగక్కా. ఎడమ పక్కది జాబితా. కంపెనీలో గీసిన బొమ్మలన్నీ ఇందులో ఉంటాయి, మీ విభాగం మూడోది. మధ్యలో ఉన్న పెద్ద కిటికీలో బొమ్మ గీస్తాం. దీని అంచున ఉన్న పెట్టెలోంచి డబ్బాని పట్టుకుని ఇలా లాక్కొచ్చి పెట్టడమే. డబ్బా మీద నొక్కితే దాని వివరాలు కుడి కిటికీలో వస్తాయి. ఎవరు చెయ్యాలి, ఎంతసేపట్లో చెయ్యాలి, అవన్నీ."

"మనుషులక్కూడా ఇలాంటి కుడి కిటికీ ఒకటుంటే బాగుండేది. నొక్కితే లోపలేముందో తెలిసేది. కింద ఎర్రగా ఉన్నదేంటి?"

"తప్పుల కిటికీ. ఏ డబ్బాకైనా బాణం తగిలించడం మర్చిపోయామనుకోండి, ఇక్కడ ఎర్రచుక్క వస్తుంది. అన్నీ సరిచేస్తే సున్నా వస్తుంది. సున్నా వస్తేనే బొమ్మ పనిలోకి వెళ్తుంది."

"అదన్నమాట మన సారు రోజూ సున్నా సున్నా అనేది!"

మా మేనేజరుకి చాటున సున్నా సారనే పేరు. పొద్దున్నే వచ్చి, "ఎన్ని?" అని అడుగుతాడు. ఆరు గంటలు దాటినా మూసెయ్యని ఫిర్యాదులు ఎన్ని అని అర్థం. సున్నా అంటే ఆ రోజంతా మొహం వెలిగిపోతుంది. ఒకటి అంటే ఎవరూ ఎదురు పడరు.

ఫోనక్క మౌసు తీసుకుని డబ్బాలు అటూ ఇటూ జరిపింది. ఒకటి చెరిపేసి, గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, పోయిందే! చెరిపేసింది ఎక్కడికి పోతుంది?"

నాకు గొప్పగా అనిపించింది. మెనూలోంచి ఇంకో కిటికీ తెరిచి చూపించాను. "ఎక్కడికీ పోదక్కా. ఇది ఐదోది, చరిత్ర. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం పెట్టారో ఏం తీశారో అంతా ఇందులో ఉంటుంది. దీన్ని ఎవ్వరూ చెరపలేరు, నేను కూడా."

"ఓహో" అంది. ఆ ఓహోలో ఏముందో అప్పుడు నేను పట్టించుకోలేదు.

మూడోరోజు సాయంత్రానికి బొమ్మ దాదాపు అయిపోయింది. ఫోను రావడం, రాసుకోవడం, మెకానిక్కుని పంపడం, అతను బాగుచేశానని చెప్పడం, ఫిర్యాదు మూసెయ్యడం. ముగింపు గుండ్రం పెట్టేసి, "అంతేనా అక్కా?" అన్నాను.

"అంతేంటి? మర్నాటి ఫోను ఏది?"

సొరుగులోంచి పొడవాటి నోటుబుక్కు ఒకటి తీసింది. నిన్న ఏయే లిఫ్టులు బాగయ్యాయో అందులో రాసి ఉంది. పదకొండు గంటలకి వాటన్నిటికీ ఫోను చేసి, "నిన్న బాగుచేశారు కదా, ఇవాళ ఎలా ఉంది? గడపకి సమానంగా ఆగుతోందా, కాలు తగులుతోందా?" అని అడుగుతుందట. బాగుందంటే టిక్కు. బాగాలేదంటే మర్నాడు మళ్ళీ ఫోను.

"మెకానిక్కు చూసుకునే కదక్కా వెళ్తాడు?"

"చూసుకునేది ఖాళీ లిఫ్టునే. బ్రేకు కొత్తగా బిగించినప్పుడు రెండుసార్లు పైకీ కిందకీ తిప్పితే బ్రహ్మాండంగా ఆగుతుంది. మర్నాడు జనం వందసార్లు ఎక్కి దిగాక అది వేడెక్కి జారుతుంది. నాలుగు వేళ్లు కిందికి ఆగుతుంది. నాలుగంటే నాలుగే వేళ్లు, చూసుకోకపోతే మనిషి బోర్లా పడతాడు."

అప్పుడు తన కథ చెప్పింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మెకానిక్కు మాట పట్టుకుని ఒక భవనానికి, "బాగైపోయింది, ఇక ఎక్కండి" అని తనే చెప్పిందట. మర్నాడు లాండ్రీ అతను ఉతికిన బట్టల మూట రెండు చేతులతో ఎత్తుకుని లిఫ్టులోంచి బయటికొస్తూ, గడప ఎత్తు కనిపించక కాలు తగిలి పడ్డాడు. ముందు పళ్లు మూడు పోయాయి, దవడ విరిగింది. ఫోనక్క చూడటానికి వెళితే నోరు తెరవలేక చేత్తో కూర్చోమని సైగ చేశాడట. "నన్నే కూర్చోమన్నాడే, మర్యాద చేశాడు. ఆ రోజునుంచి లిఫ్టు ఎక్కితే ఒట్టు. ఆ రోజునుంచి మర్నాడు ఫోను చెయ్యకపోయినా ఒట్టు" అంది. కళ్లు తుడుచుకుని, "ఊఁ, డబ్బా పెట్టు" అంది.

పెట్టాను. 'మర్నాటి ఫోను' అని రాసి కూడా ఇచ్చాను. కానీ దానికి బాణం ఎక్కడినుంచి వెయ్యాలి? ముగింపు గుండ్రం తర్వాత బాణం వెయ్యనివ్వదు. ముగిసిందంటే ముగిసిందే. పోనీ ఆ గుండ్రాన్నే జరిపి మర్నాటి ఫోను తర్వాత పెడదామా అంటే, ఫిర్యాదు మర్నాటిదాకా మూతపడదు. ఆరు గంటల లెక్క కాస్తా ముప్పై గంటలవుతుంది. సున్నా సారు నన్ను నమిలేస్తాడు. అందుకని ఆ డబ్బాని ఓ మూల ఒంటరిగా వదిలేసి, రేపు చూద్దాంలే అనుకున్నాను.

నాలుగోరోజు నాలుగు గంటలకి మీటింగు. మూడున్నరకి తప్పుల కిటికీ చూస్తే ఒకే ఒక్క ఎర్రచుక్క. 'ఈ డబ్బాకి బాణం లేదు.' అది ఏ డబ్బానో నాకు చూడకుండానే తెలుసు. అయిదు నిమిషాలు దాన్ని అటూ ఇటూ జరిపాను. ఫోనక్క దగ్గరికి వెళ్లి అడగొచ్చు, ఇరవై అడుగుల దూరం. మేనేజరుకి విషయం ఇదీ అని చెప్పొచ్చు. రెండూ చెయ్యలేదు. డబ్బా మీద నొక్కి, డిలీట్ కొట్టాను. చుక్క పోయింది, సున్నా వచ్చింది. పీడా పోయిందనుకుని, మీటింగుకి వెళ్లి, చప్పట్లు కొట్టించుకుని వచ్చాను.

నా బుద్ధి గడ్డి తిన్నది ఆ రోజు కాదు. ఆ రోజు చేసింది బద్ధకం. గడ్డి తిన్నది పది రోజుల తర్వాత.

కొత్త బొమ్మ పనిలోకి వచ్చింది. స్క్రీను మీద రాకపోయినా ఫోనక్క తన నోటుబుక్కు చూసుకుని మర్నాటి ఫోన్లు చేస్తూనే ఉంది. ఫిర్యాదు నెంబరు లేని ఫోన్లు ఇన్నేంటని మేనేజరు ఆమెని పిలిచి అడిగాడు. ఆమె నా దగ్గరికొచ్చింది.

"ఏమే, నా డబ్బా పెట్టావు కదా, మరి స్క్రీనులో రాదేం?"

తీసేశానక్కా అనడానికి నోరు రాలేదు. వచ్చే వారం ఎలాగూ బొమ్మ సరిచేస్తాను, అప్పుడు పెట్టేస్తాను, అప్పటిదాకా ఏదో ఒకటి చెబితే సరిపోతుందనుకున్నాను.

"లోపల ఉందక్కా. ఇప్పుడు మీరు చెయ్యక్కర్లేదు, కంప్యూటరే మర్నాడు ఫోను చేస్తుంది."

"అదే చేస్తుందా? కాలు తగులుతోందా అని అడుగుతుందా?"

"అడుగుతుందక్కా."

"గొంతు ఎలా ఉంటుంది?"

"ఆడగొంతే. బాగానే ఉంటుంది."

ఒక అబద్ధానికి గొంతు కూడా తగిలించాను చూడండి! ఫోనక్క మొహం విప్పారింది. "పోన్లే. పదకొండు నెలల్లో రిటైరవుతున్నాను, తర్వాత ఎవరడుగుతారా అని ఒకటే బెంగగా ఉండేది. మంచిపని చేశావమ్మా" అని నా బుగ్గ పుణికింది. వెళ్లి నోటుబుక్కు తెచ్చి, "ఇక నాకెందుకిది, నువ్వే ఉంచుకో" అని నా టేబులు మీద పెట్టింది.

వచ్చే వారం ఇంకో విభాగం పని పడింది. ఆపై వారం నాకు జ్వరం. ఆ తర్వాత నిజం చెప్పాలంటే మర్చిపోయాను. నోటుబుక్కు నా సొరుగులో అడుగున ఉండిపోయింది.

రెండు నెలలకి జరగాల్సింది జరిగింది. ఆరంతస్తుల భవనంలో లిఫ్టు బ్రేకు మార్చారు. మధ్యాహ్నం బాగుచేసి, మూడు గంటల్లో ఫిర్యాదు మూసేశారు. మర్నాడు పొద్దున్నించీ లిఫ్టు నాలుగు వేళ్లు కిందికి ఆగుతోందని వాచ్‌మన్ గమనించాడు. కంపెనీకి ఫోను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని తర్వాత అడిగితే, "పదకొండుకి ఫోనక్క ఎలాగూ చేస్తుంది కదా, అప్పుడు చెబుదామని చూశాను. ఎన్నేళ్లనుంచో చేస్తోంది కదండీ" అన్నాడు. పదకొండయింది, పన్నెండయింది. పన్నెండున్నరకి ఆరో అంతస్తులో ఉండే రిటైరైన లెక్కల టీచరు లిఫ్టులోంచి అడుగు బయటపెడుతూ పడ్డారు. తుంటి ఎముక విరిగింది. డెబ్భై ఒక్కేళ్ల మనిషి.

వార్త వినగానే సొరుగు అడుగునున్న నోటుబుక్కు గుర్తొచ్చింది. ఇంకెవరికీ తెలియదు గానీ ఆమెని ఎవరు పడేశారో నాకు తెలుసు.

శుక్రవారం విచారణ పెట్టారు. మేనేజరు, పెద్ద మెకానిక్కు, ఫోనక్క, గోడ మీద బొమ్మ చూపించడానికి నేను. భవనం వాళ్లు రాసిన ఉత్తరం మేనేజరు చేతిలో ఉంది. మీవాళ్లు మర్నాడు తప్పకుండా ఫోను చేసి కనుక్కునేవాళ్లు, ఈసారి మాత్రం చెయ్యలేదు అని ఉంది అందులో.

"అక్కా, మర్నాడు ఫోను చెయ్యమని మీకు కంపెనీ చెప్పలేదు. మీరే అలవాటు చేశారు, మంచిదే. మరి ఎవరికీ చెప్పకుండా ఎలా మానేశారు? వాళ్లు మీ ఫోను కోసమే కాచుక్కూర్చున్నారు" అన్నాడు మేనేజరు.

"నేను మానలేదు సార్. ఇప్పుడు కంప్యూటరు చేస్తోంది కదా."

"ఏ కంప్యూటరు?"

పెద్ద మెకానిక్కు పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఫోనక్క నా వైపు చూసింది. కోపంగా కాదు. నాలుగు రోజులు పక్కన కూర్చుని చెప్పినదాన్ని కదా, ఇది కూడా నేనే సారుకి విడమరుస్తానన్న నమ్మకంతో చూసింది. నేను గోడ మీది బొమ్మకేసి చూశాను.

"ఏమ్మా, ఈ బొమ్మలో అలాంటిదేమైనా ఉందా?" అన్నాడు మేనేజరు నాతో.

"లేదు సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అది నేను చెప్పినవాటన్నిటిలోకీ నీచమైన మాట. ఫోనక్క ఇంకా నా వైపే చూస్తోంది. నువ్వే కదే చెప్పావు అంటుందని ఎదురుచూశాను. అనలేదు. తల వంచుకుని, "అయితే నేనే పొరపాటు పడ్డట్టున్నాను సార్" అంది. ఆమె గొంతు అంత మెల్లగా ఉండగలదని ఆ రోజే తెలిసింది.

సోమవారం దాకా ఇంటి దగ్గర ఉండమన్నారు. సోమవారం తొలగింపు ఉత్తరం ఇస్తారని అందరికీ అర్థమైంది. రిటైర్మెంటుకి ఇంకా తొమ్మిది నెలలు. ఇరవై రెండేళ్లు మనుషుల్ని కనిపెట్టుకున్న మనిషి, పట్టించుకోలేదనే మాట మీద వేయించుకుని మెట్లు దిగిపోతుంది. దిగేటప్పుడు కూడా రెయిలింగు పట్టుకుని, వెనక వస్తున్నవాళ్ళకి దారి వదిలింది. నేను తేలు కుట్టిన దొంగలా కంప్యూటరు వెనక దాక్కున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగిన పాపానికి ఒంటికాలి మీద లేచాను. శనివారం పొద్దున ఆసుపత్రికి వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లానో నాకే తెలియదు. కంపెనీ నుంచి వచ్చానని చెబితే టీచరుగారు తిడతారని, తిడితే కాస్త తేలికపడొచ్చని ఆశ.

ఆవిడ తిట్టలేదు. ఆపరేషను అయిన కాలు కింద దిండు పెట్టుకుని, పత్రికలో అంకెల పజిలు నింపుకుంటున్నారు. "రామ్మా, కూర్చో" అన్నారు. లాండ్రీ అతను గుర్తొచ్చి నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే ఉన్నాను. పదకొండయింది. పక్కనున్న ఫోను మోగింది.

"మీ ఫోనక్కే" అన్నారు టీచరుగారు. "రోజూ సరిగ్గా పదకొండుకి చేస్తుంది."

రిసీవరు పెట్టుకున్నది ఆవిడైనా మంచం ఇవతలున్న నాకు ప్రతి మాటా వినిపించింది. "టీచరుగారూ, ఇవాళ ఎలా ఉంది? నిన్న రెండడుగులేశారు కదా, ఇవాళ మూడన్నా వెయ్యాలి. ఆఁ, నొప్పుంటుంది, నేనూ తిట్టుకుంటున్నాను లెండి, మీరూ తిట్టండి." వెనకాల కుట్టుమిషను చప్పుడు.

ఫోను పెట్టేశాక టీచరుగారు నిట్టూర్చారు. "పాపం, తప్పంతా తనదేనంటుందమ్మా. ఇన్నేళ్లలో ఒక్కసారి మరిచానండీ, మీ ఖర్మకొద్దీ అదే రోజయింది అని ఏడ్చింది. మనిషన్నాక మరుపు రాదా? నేను మాత్రం క్లాసులో తప్పు లెక్క చెయ్యలేదా? అంతమాత్రానికి ఉద్యోగం తీసేస్తారా? మీ సారుకి నువ్వయినా చెప్పు."

"చెబుతానండీ" అన్నాను. నా ఏడుపు ఆవిడకి కనపడకూడదని గబగబా బయటికొచ్చేశాను. మెట్లు ఎక్కడున్నాయో వెతుక్కుని దిగాను.

సోమవారం తొమ్మిదిన్నరకే ఆఫీసుకి వెళ్లాను. నిజం చెప్పాలంటే మేనేజరు గది ముందు రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒకటి. అంతకంటే ఎక్కువ భయం, చెప్పాక అందరూ నన్ను చూసే చూపు. ఇన్నాళ్లూ అందరి తప్పులూ ఎర్రచుక్కలు పెట్టి చూపించినదాన్ని కదా.

పది గంటలకి మేనేజరు ఉత్తరం మీద సంతకం పెట్టబోతుంటే, "సార్, ఒక్క నిమిషం ఈ గోడ మీద చూడండి" అన్నాను. ల్యాప్‌టాప్ తగిలించాను. ఎడమ కిటికీలో మూడో బొమ్మ తెరిచి, మెనూలోంచి ఐదో కిటికీ తీశాను. వరసలు కిందికి జరుపుతూ పోయాను. తేదీ. మూడు గంటల నలభై ఒక్క నిమిషం. నా పేరు. 'తొలగించినది: మర్నాటి ఫోను.'

"తీసింది నేను సార్. మీ సున్నా కోసం తీశాను. ఆవిడొచ్చి అడిగితే కంప్యూటరే చేస్తుందని చెప్పిందీ నేనే. శుక్రవారం నోరు మూసుక్కూర్చుందీ నేనే. ఆవిడ మరిచిపోలేదు. నన్ను నమ్మింది."

మేనేజరు లేచి గోడ దగ్గరికెళ్లి ఆ వరస చదివాడు. తిడతాడనుకున్నాను. "సున్నా కావాలన్నది నేనే" అన్నాడు. ఉత్తరాన్ని రెండుగా చింపాడు. తర్వాత నా వైపు తిరిగి, "కానీ అబద్ధం చెప్పమని నేను చెప్పలేదు కదమ్మా" అన్నాడు.

అక్కడే, ఆయన ముందే బొమ్మ మార్చాను. మర్నాటి ఫోను డబ్బా మళ్ళీ పెట్టి, ముగింపు గుండ్రాన్ని దాని అవతలికి జరిపాను. ఆరు గంటలు కాస్తా ముప్పై గంటలైంది. ఆయన చూసి ఒప్పుకున్నాడు. నాకు మెమో ఇచ్చారు, బొమ్మల పని నుంచి ఆరు నెలలు తప్పించారు. భవనం వాళ్లకీ టీచరుగారికీ జరిగింది జరిగినట్టు నా చేతే ఉత్తరం రాయించారు. ఆ ఉత్తరం రాయడానికి రోజంతా పట్టింది.

మంగళవారం ఫోనక్క వచ్చింది. మెట్ల మీద ఆమె గొంతు వినగానే లేచి నిలబడ్డాను. "పదండి పదండి" అనడం వినిపించింది గానీ ఇంజను మాట అనలేదు. నా టేబులు ముందునుంచే వెళ్లింది. "అక్కా" అన్నాను. ఆగలేదు, తల తిప్పలేదు. నోటుబుక్కు అప్పటికే ఆమె టేబులు మీద పెట్టేశాను. కూర్చుని దాని దుమ్ము తుడుచుకుంది, రిసీవరు ఎత్తి పనిలో పడింది. పొద్దుటినుంచి నేను ఒక్క కాగితం కూడా సరిగ్గా చదవలేదు.

పదకొండు గంటలకి నా టేబులు మీద ఫోను మోగింది. తలెత్తి చూస్తే, ఇరవై అడుగుల దూరంలో ఆమె వీపు, చెవి దగ్గర పాత రిసీవరు.

"ఫోనక్కని మాట్లాడుతున్నాను. నిన్న చెప్పేశావంట కదా. ఇవాళ ఎలా ఉంది?"

"అక్కా, మీకు తెలుసు. ఐదో కిటికీ నేనే చూపించాను. ఆ రోజు మీరు అది తెరవమంటే అయిపోయేది. ఎందుకు అనలేదు?" అన్నాను.

"నేనడిగి తెరిపిస్తే ఏం బాగుంటుందే? నువ్వే తెరుస్తావని చూశాను. మూడు రోజులు చూశాను."

"నా మీద కోపంగా ఉందా?"

"ఉండదా? బోలెడుంది. ఇప్పట్లో పోదు కూడా. కోపం వేరు, ఫోను వేరు. అడిగినదానికి చెప్పు, ఇవాళ ఎలా ఉంది?"

బాగానే ఉందక్కా అనబోయాను, అలవాటు కదా. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"బాగాలేదక్కా."

అటునుంచి కాగితం తిప్పిన చప్పుడు, దాని మీద పెన్ను రాస్తున్న చప్పుడు వినిపించాయి.

"సరే, రాసుకున్నాను. రేపు మళ్ళీ చేస్తాను" అని ఫోను పెట్టేసింది.